పిల్లికో కొత్త చిరునామా

"హాచ్!"

కిటికీ పక్క కుర్చీలో పోస్ట్‌మ్యాన్ గారు ఉలిక్కిపడ్డారు. ఆయన ఒళ్ళో పిల్లి మాత్రం ఒక చెవి ఆడించి ఊరుకుంది.

"మళ్ళీనా?"

"మళ్ళీనే! పిల్లికి చెలగాటం, నా ముక్కుకి ప్రాణసంకటం," అంది భార్య రుమాలులోంచి. "ఇంక నావల్ల కాదండీ. అదో, నేనో తేల్చుకోండి."

ఆయన ఇంటికప్పు వంక చూస్తూ ఉండిపోయారు.

"అంతసేపు ఆలోచించాలా?"

"లేదే, లేదే! దాన్ని ఎవరికి ఇద్దామా అని."

పిల్లి పేరు స్టాంపు. ఒకసారి నాకిందంటే అతుక్కుపోతుంది. ఆయన ఉద్యోగ విరమణ చేసి, సంచీ అప్పగించి వచ్చి ఆ కుర్చీలో కూలబడ్డారు. స్టాంపు ఆయన ఒళ్ళో కూలబడింది. ఇద్దరూ మళ్ళీ లేవలేదు.

"అలా నలుగురిలోకీ వెళ్ళిరండి. ఊళ్ళో మీకు తెలియని గుమ్మం ఉందా?" అని భార్య మొదట్లో పోరేది.

"ఉత్తరం లేకుండా ఒకరి గుమ్మం ఎక్కుతారా ఎవరైనా? ఏం పనిమీద వచ్చావంటే ఏం చెప్పను?" అనేవారాయన. అది ఉడుంపట్టు. ఇక ఆవిడ పోరడం మానేసింది.

ఈ తుమ్ములు ఈమధ్యనే పట్టుకున్నాయి. డాక్టరు దగ్గరికి పదమంటే, "తుమ్ముకి డాక్టరేమిటండీ, నవ్విపోతారు," అంటుంది. ఒకరోజు స్టాంపు గోడమీద ఎండ కాచుకుంటోంటే, వంటింట్లో ఆవిడ వరసగా తుమ్మింది. బొచ్చు గాలికి అంతదూరం వస్తుందని ఆయనకి ఆరోజే తెలిసింది. పిల్లికి అంత మెత్తటి బొచ్చు ఇచ్చిన దేవుడు, మా ఆవిడకి ఇంత సున్నితమైన ముక్కు ఎందుకిచ్చాడో అని దీపం ముందు నిలబడి అడిగారు కూడా. దేవుడు జవాబివ్వలేదు. జవాబులు ఆలస్యం కావడం పోస్ట్‌మ్యాన్‌కి కొత్తేమీ కాదు.

మర్నాడు పొద్దున్నే బుట్ట సిద్ధం చేసి ఆవిడే చేతికిచ్చింది.

"మరీ దూరం ఇవ్వకండి, దానికి బెంగ. రోజూ మీరు వెళ్ళి చూసిరావాలి. ఇంకోమాట, గుమ్మంలో నిలబడి చూస్తే ఇల్లేం తెలుస్తుంది? లోపలికెళ్ళి, కాసేపు కూర్చుని మరీ చూడండి."

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఇక్కడ మనిషే పిల్లిని తిప్పడం మొదలుపెట్టారు.

వకీలు గారింట్లో పరుపు కుర్చీ వేశారు. "పిల్లికి వారసత్వ తగాదాలేమీ లేవు కదా?" అని వకీలు గారు గట్టిగా నవ్వారు. ఆయన గేటు అంతకంటే గట్టిగా మూసుకుంటుంది. స్టాంపు బుట్టలో ముడుచుకుపోయింది. కుదరదు.

మందుల షాపావిడ, "అయ్యో, మీరా! ఇన్నాళ్ళకి లోపలికొచ్చారా!" అంటూ టీ పెట్టింది. టీ దివ్యంగా ఉంది. కానీ ఆవిడ ముగ్గురు పిల్లలూ తోక తమకంటే తమకని పంచుకోబోయారు. కుదరదు.

చివరికి క్లారినెట్ మాస్టారి తలుపు తట్టారు. మాస్టారు ఒంటరి. చదరంగం బల్ల ముందు కూర్చుని, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే, రెండు వైపులా తనే ఎత్తులు వేసుకుంటున్నారు.

"గుర్రాన్ని అక్కడ పెడితే పోయిందన్నమాటే," అన్నారు పోస్ట్‌మ్యాన్ గారు, నోరు ఊరుకోక.

"ఎవరి గుర్రం? నాదా, నాదా?" అన్నారు మాస్టారు.

ఈలోగా స్టాంపు బుట్టలోంచి దిగి, బల్లెక్కి, ఇద్దరు రాజుల్నీ పడగొట్టి మధ్యలో పడుకుంది.

"రాత్రిళ్ళు ఆలస్యంగా వస్తే?" అడిగారు పోస్ట్‌మ్యాన్ గారు, పిల్లనిచ్చే మావగారిలా.

"కిటికీ తీసే ఉంచుతాను."

పోస్ట్‌మ్యాన్ గారు ఖాళీ బుట్టతో ఇంటికొచ్చారు.

"నీ ముక్కు గెలిచిందిలే," అన్నారు బుట్ట మూలకి విసిరేసి.

ఆవిడ రుమాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కళ్ళు ఎర్రబడ్డాయి. తుమ్ములు మరీ ఎక్కువయ్యాయి కాబోలు అనుకున్నారాయన.

మర్నాడు పొద్దున్నే కుర్చీలోంచి లేచారు. పిల్లిని చూసిరావాలి కదా! ఆ తర్వాత రోజూ లేచారు. చదరంగంలో రోజూ ఓడిపోయి, అందుకు పిల్లిని తిట్టి, దారిలో షాపావిడ చేతి టీ తాగి, గేటుకి నూనె పెట్టమని వకీలు గారికి సలహా చెప్పి, భోజనం వేళకి ఇంటికొచ్చేవారు. వస్తూనే కబుర్లు. మాస్టారి ఎత్తులు, స్టాంపు అల్లరి, ఎవరేమన్నారో, తనేమన్నారో. చల్లారిపోతోందని ఆవిడ మొత్తుకుంటున్నా కంచం ముట్టేవారు కాదు.

అయినా భార్య ముక్కు సంగతి ఆయన మరిచిపోలేదు. పొద్దుటి చలికి వేసుకెళ్ళిన స్వెటర్ నిండా అంటుకున్న పిల్లి బొచ్చు గడప దాటకూడదని, స్వెటర్‌ని బయటే విప్పి, వరండా తీగమీద వేసి, చేతులు కడుక్కుని మరీ లోపలికొచ్చేవారు.

"చూశావా, ఎంత జాగ్రత్తో!" అన్నారు ఒకరోజు లోపలికొస్తూ.

"మీకేం, బంగారం!" అంది ఆవిడ.

ఆయన భోంచేసి, నడిచిన అలసటకి గుర్రుపెట్టి నిద్రపోయాక, ఆవిడ చప్పుడు కాకుండా వరండాలోకి వెళ్ళి, తీగమీది స్వెటర్ తీసుకుని, ఆ బొచ్చులో మొహం దాచుకుని, "స్టాంపూ, బాగున్నావుటే?" అంటూ తనివితీరా గాలి పీల్చుకుంది, ఒక్క తుమ్మూ లేకుండా.