మూడో వరస

సెలవులకు అందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. కంపాలాలోని ఆ ఆర్ట్ కళాశాలలో నబ్బోసా స్టూడియోలో మాత్రమే దీపం వెలుగుతోంది.

"ఇవన్నీ ఎక్కడో చూసినవే. ఇందులో నీ చెయ్యేదమ్మాయ్?" అని మొదటి ఏడాది చివర్లో ఆమె చేసినవి చూసి మాస్టారు కిగ్గుండు అడిగాడు. ఆ మాట ముల్లులా దిగింది. అందుకే తాత శవానికి చుట్టగా మిగిలిన చెట్టుబెరడు బట్టను, ఆయనతోపాటే గోతిలో వేయాల్సినదాన్ని, సంచిలో దాచి తెచ్చింది. రెండు మడతలు వేసి గోడకు వేలాడదీసి, నారతో కుట్టడం మొదలుపెట్టింది.

రోజూ పైమడత మీద రెండు వరసలు కుట్టేది. పొద్దున చూస్తే మూడుండేవి. మూడోది రెండు మడతలనూ కలిపేది. అంత సన్నటి కుట్టు ఆమెకు చేతకాదు.

నిన్న ఊరికి బయల్దేరే ముందు మాస్టారు ఆ వరసనే వేలితో తడిమాడు.

"ఇదీ నీ చెయ్యంటే! ఈ పక్క తెరిచి వదిలావు చూడు, మూసెయ్యకేం."

నబ్బోసా తలూపింది.

ఈ రాత్రి సూదిని డబ్బాలో పెట్టి తాళం వేసింది. స్టూలు మీద కూర్చుని కాపు కాసింది. అర్ధరాత్రి దాటాక బట్ట లోపల నార లాగుతున్న చప్పుడు వినిపించింది. సర్... సర్... ఆమె లేచి దగ్గరికి వెళ్లింది. చప్పుడు ఆగింది.

తెరిచిన పక్క సరిగ్గా ఆమె ఎత్తే ఉంది. దాని అంచు మెల్లగా లేచి, ఎవరో పట్టుకున్నట్టు అలాగే నిలిచింది.

తాత పోయాక తనకోసం ఎవరు తలుపు తీశారు?

నబ్బోసా చెప్పులు విడిచింది.