పన్ను తగ్గేదాకా

ఆమోసు డబ్బు కవరు బల్ల మీద పెట్టాడు. యూనిస్ దాన్ని చటుక్కున వెనక్కి తీసుకుంది.

“ఈ రోజు వద్దండీ” అంది.

రసీదు రాయబోతున్న హేమ చెయ్యి అలాగే ఆగిపోయింది. సాక్చీ బజారులో ఆ స్కూటర్ల షోరూమ్‌కి పొద్దుట్నుంచీ వచ్చిన బేరం ఇదొక్కటే. బయట నీలం రంగు స్కూటర్‌కి అప్పుడే పూలదండ కూడా వేసేశారు.

“అదేటే? రంగు కూడా నువ్వే కదా ఎంచినావు” అన్నాడు ఆమోసు.

“రంగు బాగానే ఉంది. పన్నే బాగోలేదు.”

యూనిస్ బిర్సానగర్‌లో ఓ చిన్న ప్రైవేటు బడిలో టీచరు. ఏ సంగతైనా ‘ఎందుకు’ అని అడగందే వదలదు. కూరగాయల బండివాణ్ణి వదలదు, బ్యాంకు గుమస్తానీ వదలదు. ఇప్పుడు హేమ వంతు వచ్చింది.

“ఇందులో పన్నెంతమ్మా?”

“ట్వెంటీ ఎయిట్ పర్సెంట్, దీదీ.” హేమ తెలుగువాళ్ల పిల్లే. ఈ హిందీ ఊళ్లోనే, కదమా పేటలో పుట్టి పెరిగింది కాబట్టి జవాబులో సగం హిందీ దొర్లుతుంది.

“దసరా నుంచి పద్దెనిమిదికి తగ్గిత్తారని టీవీలో చెప్పినారు. నిజమేనా?”

హేమ మేనేజర్ గది వైపు చూసి గొంతు తగ్గించింది. “సచ్ హై, దీదీ. ఈ బండి మీద ఏడు వేల దాకా తగ్గుతుంది.”

“పన్ను తగ్గిత్తే గవర్నమెంటుకి నష్టం కదా. మరెందుకు తగ్గిత్తన్నట్టు?”

“సస్తా అయితే జనం ఎక్కువ కొంటారని.”

“సరే. మరి అందాకా?”

హేమ రసీదు పుస్తకం ముందుకు జరిపింది. “దీదీ, ఈ నెల నా టార్గెట్‌లో ఒక్క బండీ పోలేదు. వచ్చినవాళ్లందరూ ఇదే మాట అంటున్నారు. మీరైనా తీసుకోండి, ప్లీజ్” అంది.

ఆ పిల్ల మొహం చూస్తే యూనిస్‌కి జాలేసింది. కానీ ఏడు వేలంటే మాటలా? బడిలో తన నెల జీతం అంతకంటే మరీ ఎక్కువేం కాదు.

“కొనీద్దామే. రెండేసి ఆటోలు మారి నలిగిపోతన్నావు” అన్నాడు ఆమోసు. ఆదిత్యపూర్‌లో ఓ చిన్న కంపెనీలో కాంట్రాక్టు వెల్డరు అతను. మాట తక్కువ. ఆ మాత్రం మాట్లాడటమే ఎక్కువ.

“ఊరికే మిగిలీ డబ్బుని ఎవరైనా వదులుకుంటారేటండీ? కొద్దిరోజులు ఆగితే సరిపోద్ది” అంటూ యూనిస్ కవరు సంచిలో దోపుకుని లేచింది. ఆమోసు వెనకాలే నడిచాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో టీ తాగుతూ యూనిస్ ఈ సంగతంతా స్నేహితురాలు జయకుమారికి పూసగుచ్చినట్టు చెప్పింది. జయకుమారి అక్కడికక్కడే భర్తకి ఫోన్ చేసి మోటార్ సైకిల్ బుకింగ్ రద్దు చేయించింది. అది విని ఇంకో ఇద్దరు దగ్గరకొచ్చారు. కాసేపట్లో యూనిస్ చుట్టూ చిన్న గుంపు తయారైంది. పన్నంటే ఏమిటి, అది ధరలో ఎక్కడ కలుస్తుంది, తగ్గితే ఎవరికి లాభం అని ఓపిగ్గా చెప్పింది.

“టీచరమ్మ లేకపోతే మునిగిపోదుము” అన్నారందరూ. ఆ వారమంతా జుగ్సలాయి నుంచి, భుయ్యాడీహ్ నుంచి కూడా ఫోన్లు. ‘ఆగండి’ అని అందరికీ ఒకటే మాట చెప్పింది. ఇంతమందికి ఇంత డబ్బు మిగిల్చానన్న సంతోషంలో ఆటోలో ఇరుక్కుని కూర్చున్నా ఆమెకి కష్టమనిపించలేదు.

ఓ మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఆమోసు ఇంట్లో ఉన్నాడు. గుమ్మంలో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నాడు. టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా పక్కనే ఉంది.

యూనిస్ గాభరాగా అతని నుదుటి మీద చెయ్యేసింది. “జొరమా?”

“కాదు.”

“మరేటి, సెలవిచ్చినారా?”

“పనాపీసినారు. దసరా దాకా రావొద్దన్నాడు కాంట్రాక్టరు. షిఫ్టు మొత్తాన్ని పంపించీసినాడు.”

యూనిస్ అక్కడే చతికిలబడింది. పని లేని రోజుకి కూలీ లేదు. ఇంటద్దె, పిల్లల ఫీజులు ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి.

“అలాగెలా ఆపేత్తారు? ఎందుకట?”

“ఆర్డర్లు లేవట.”

“ఎందుకు లేవు?”

“పెద్ద కంపెనీవోలు మా సరుకు వద్దన్నారట. వాలకీ అమ్మకాల్లేవట.”

“ఎందుకు లేవు? జనం దగ్గర డబ్బుల్లేవేటి?”

“ఉన్నాయట. ఉన్నా కొనట్లేదట.”

యూనిస్‌కి ఏదో తట్టీ తట్టనట్టుగా ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్తని ఎన్నడూ అడగని ప్రశ్న ఒకటి అప్పుడు అడిగింది.

“అసలు మీరక్కడ చేసీదేటండీ?”

“స్కూటర్లకి బిగించీ స్టాండ్లు” అన్నాడు ఆమోసు.