కొట్టేసిన మాట

తథాస్తు దేవతలకు చెడ్డమాటలే వినిపిస్తాయా అన్నది చిన్నప్పటి నుంచీ నా సందేహం.

మా ఇంటికి అన్నం పెట్టే వ్యాను ఇంజను, వారంటీ దాటిన పద్దెనిమిదో రోజున పోయింది. బాగుచేయించే స్తోమత లేదు. నేనూ మా ఆవిడా సర్వీస్ సెంటర్ మేనేజరు ముందు కూర్చున్నాం.

"గడువులోపే శబ్దం వస్తోందని రాయించి ఉంటే, కంపెనీ సగం ఖర్చు భరిస్తుందండీ. రాయించారా?"

"నేనే రాశాను. పోయిన సర్వీసు కాగితం తీయండి," అంది మా ఆవిడ.

తీశాడు. 'ఇంజనులో శబ్దం' అని ఉంది. దాని మీద అడ్డంగా గీత, పక్కన నా సంతకం.

"కొట్టేశారేంటి సార్?"

"నడిచే బండికి అపశకునం మాటలెందుకని..." నసిగాను.

"కొట్టేస్తే చెప్పనట్టే కదండీ. కంపెనీ ఒప్పుకోదు."

"తథాస్తు దేవతలకు చదవడం కూడా వచ్చనుకున్నారు మా వారు," అందామె. నవ్వలేదు.

బయటికొచ్చాం. "ఇక అమ్మేయడమే," అంది.

మెట్ల మీద ఆగిపోయాను. "నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాదే."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట ఆమెకు బాకీపడే ఉన్నాను.

"వినపడిందిలెండి," అంది, కళ్లు తుడుచుకుంటూ.