ద-ఫ-న కింద ఐదు వాక్యాలు

“ఈ ఐదు వాక్యాలూ తీసేయాలమ్మా,” అన్నాడు సంపాదకుడు, ప్రూఫు మీద ఎర్ర పెన్సిలు ఆనించి.

“తీయను,” అంది ఒత్తులమ్మ.

అరబ్బీ ధాతువుల నిఘంటువు తయారయ్యే ఆ ఆఫీసులో ఆవిడను అసలు పేరుతో ఎవరూ పిలవరు. ఎగిరిపోయిన ఒత్తును ఆమడ దూరం నుంచి పట్టేస్తుందని ఆ పేరు స్థిరపడిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడది ఒకటే పట్టు. సొంతంగా అల్లిన ఉదాహరణ ఒక్కటీ రాయదు. ఏ మాటనైనా రోజూ వాడేవాళ్ళ నోట వినాలి, విన్నది విన్నట్టు ఎక్కించాలి. ఆవిడతో వాదించడం కంటే గోడతో వాదించడం నయం. గోడ కనీసం ఎదురు చెప్పదు.

గొడవంతా పూడ్చడం, దాచడం అనే అర్థాలున్న ధాతువుల పేజీ మీద. జ-న-న దాకా ఆయనకూ ముచ్చటగానే ఉంది. కడుపులో బిడ్డ, చెట్లు కమ్మిన తోట, తెలివిని కప్పేసే పిచ్చి, మూడూ ఆ ఒక్క ధాతువు పిల్లలే. పేచీ ద-ఫ-న దగ్గర, అంటే పూడ్చడం దగ్గర వచ్చింది.

“‘ఇటుక బట్టీ వెనక రెండో గుంటలో ముగ్గురిని పూడ్చారు.’ ‘పాత రైలు గేటు పక్క గోతిని సున్నంతో కప్పేశారు.’ ఏమిటమ్మా ఇవి? నిధి పూడ్చారనో, మనసులో మాట దాచుకున్నారనో అందంగా రాయకూడదా?”

సమాధులు తవ్వే తాత దగ్గర మూడు నెలలు కూర్చుని విన్నవని ఆవిడ చెప్పింది. ఆ తాత పోయి నెల దాటింది, ఆయన మాట దిద్దడానికి మనమెవరమని అడిగింది. సంపాదకుడు బతిమాలాడు. పేజీలు మించిపోతున్నాయన్నాడు. చివరికి ఉద్యోగం సంగతి ఎత్తాడు. దాంతో ఆవిడకు ఒళ్ళు మండింది.

“ఉద్యోగం తీసేయండి సార్. అట్ట మీద నా పేరూ తీసేయండి. ఆ వాక్యాల్లో అక్షరం ముట్టుకుంటే మాత్రం ప్రూఫులన్నీ పట్టుకుని ఇంటికి పోతాను.”

అంత చాకిరీకీ ఆవిడకు దక్కేది ఆ పేరొక్కటే. అది ఆయనకూ తెలుసు. కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, ఈ మనిషితో వేగలేననుకున్నాడు. పేరు కొట్టేశాడు, వాక్యాలు వదిలేశాడు. అచ్చుకు ముందు ప్రతి పుస్తకాన్నీ జల్లెడ పట్టే ప్రభుత్వ పరిశీలకుడైతే ఆ పేజీ దాకా వచ్చేసరికి ఆవలించి సంతకం పెట్టేశాడు.

పుస్తకం వెలువడిన రోజు ఒత్తులమ్మ పది కాపీలు సంచిలో సర్దుకుంది. ఎవరికని గుమాస్తా అడిగితే, చదువుకునేవాళ్ళకని చెప్పి మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున్నే, ఏళ్ళుగా కొడుకుల ఆచూకీ తెలియని తల్లులు ఆ పేజీ పట్టుకుని ఇటుక బట్టీ వెనక తవ్వడం మొదలుపెట్టారు.