దుంగ కడుపు కింద పగులు

వాగు ఉన్న ప్రతి అడవిలోనూ దాన్ని దాటాల్సిన తల్లి ఒకతె ఉంటుంది. ఈ అడవిలో ఆమె ఒక అడవిపంది.

వాగు మీద పడిన టేకు దుంగే అక్కడ వంతెన. తల్లిపంది ముందుగిట్టలతో దాన్ని గట్టిగా తొక్కి చూసింది. పైన చిన్న గీటైనా లేదు. తాను దాటి, అవతలి గట్టు నుంచి పిల్లను రమ్మంది.

పిల్ల నడిమికి వచ్చేసరికి కింద నీళ్ళలోంచి ఎండ్రకాయ అరిచింది.

"వదినా, దుంగ విరిగేలా ఉంది!"

"అడ్డంగా నడిచేదానివి, వంతెనల సంగతి నీకెందుకే? నేను తొక్కి చూశాను."

"నువ్వు చూసింది దాని వీపు. నేనుండేది కడుపు కింద. బరువు పడితే దుంగ పైన నొక్కుకుంటుంది, కింద సాగుతుంది. ఇందాక నువ్వు దాటినప్పుడే కింద పగులు నోరు తెరిచింది."

దుంగ కిర్రుమంది. పిల్ల "అమ్మా!" అని బిగుసుకుపోయింది. తల్లి ఒక్క ఉరుకున వెళ్ళబోయింది.

"ఆగు! అది పిల్లను మోస్తుంది గానీ నిన్ను మోయదు. వెళ్ళావంటే ఇద్దరూ వాగుపాలే."

తల్లి గట్టులో గిట్టలు దిగేసి నిలబడింది. వెళ్ళకుండా నిలబడటం అంత కష్టమని ఆమెకు అంతవరకూ తెలియదు.

"రా నాన్నా. గెంతకు, మెల్లగా రా," అంది.

పిల్ల అడుగులో అడుగేసుకుంటూ వచ్చి తల్లి పొట్ట కింద దూరింది. తల్లి దాన్ని తల నుంచి తోక దాకా వాసన చూసింది.

"బతికించావు వదినా. కాస్త పక్కకు జరుగు," అని ఎండ్రకాయతో అని, దుంగ కొసకు మూతి ఆనించి ఒక్క తోపు తోసింది. దుంగ రెండుగా విరిగి వాగులో కొట్టుకుపోయింది.

"మరి ఇంటికెలా వెళ్తామే అమ్మా?"

"చుట్టూ తిరిగి వెళ్దాం," అంది తల్లి. "దుంగను అలాగే ఉంచితే, ఇంకో తల్లి వచ్చినా నాలాగే పైనుంచే చూస్తుంది నాన్నా."