మెడలో కార్డు

"భార్య ఎవరమ్మా? లోపలికి రండి. మీ గొంతు వింటే కళ్లు తెరుస్తాడేమో," అన్నాడు డాక్టరు తలుపు తీసి.

అక్క లేచింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

చెట్లు కొట్టే మా గుంపులో బీమా ఉన్నది నాకొక్కడికే. బావ రోజుకూలీ, కంపెనీ లెక్కలో లేనే లేడు. అందుకే ఎవరు చెట్టెక్కినా నా కార్డే మెడలో వేసుకోవాలని మేస్త్రీ రూలు. పొద్దున బావ వేసుకుని ఎక్కాడు. కొమ్మతోపాటు కిందపడ్డాడు. ఆస్పత్రివాళ్లు కార్డు చూసి నా పేరు రాసుకున్నారు.

"నోరు జారారో, బీమా గోవిందా. ఆపరేషనూ ఉండదు. కార్డిచ్చినందుకు నువ్వు జైలుకెళ్తావు," అన్నాడు మేస్త్రీ నా చెవిలో. "నాకేం? నేనూ సబ్ కాంట్రాక్టే. మీరెవరో తెలీదంటాను."

ఆస్పత్రి రాతల ప్రకారం లోపల పడున్నది నేను. భార్యంటే నా భార్యే.

"నేనా?" అంది పక్కనే కూర్చున్న నా భార్య.

"వెళ్లు," అన్నాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

నా భార్య లోపలికెళ్లాక తలుపు పూర్తిగా మూసుకోలేదు. పెళ్లయిన నాటినుంచీ బావని ఎలా పిలుస్తోందో అలాగే పిలిచింది, పిచ్చిది.

"అన్నయ్యా! వదిన బయటే ఉంది. కళ్లు తెరువన్నయ్యా!"

మేస్త్రీ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.