కలిసిన గీతలు

"మీ పేపరే మొదటిదండీ, జ్ఞానప్రసూన గారూ. కాకపోతే ఒక్క మాట. ఆ ఇద్దరు పిల్లలూ రేపు వేదిక మీదికి రావాలి" అన్నాడు ఫోనులో సదస్సు కార్యదర్శి. "గీతలు అందరూ చూపిస్తారు. మీ బస్తీకి బలం పొడి పంపేవాళ్లు పిల్లల్ని కళ్లారా చూస్తే ఇంకో ఏడాది పంపుతారు. లేకపోతే ఈ నెలతో సరి."

ఫోను పెట్టేసి జ్ఞానప్రసూన గదిలో గిర్రున తిరిగింది. తిరిగి తిరిగి, బ్యాంకుకి బయల్దేరుతున్న కామేష్ భుజం మీద ఆగింది.

"ఏమండీ, మొదటి బహుమతి."

"అదా? నా ఉప్మాలో ఇవాళ ఉప్పు సరిపోయినందుకేమో అనుకున్నాను."

కలకత్తా సాల్ట్ లేక్‌లో జరుగుతున్నది తూర్పు రాష్ట్రాల పిల్లల డాక్టర్ల సదస్సు. పేదింటి పిల్లలకూ కలిగినింటి పిల్లలకూ ఆరోగ్యంలో తేడా ఎందుకు, ఎలా పోవాలి అన్నది విషయం. జ్ఞానప్రసూన స్లైడులో రెండే గీతలు. పైది గవరయ్య బరువు. వాడి తండ్రికి రేవులో పర్మినెంటు ఉద్యోగం, క్వార్టర్సు, జబ్బు చేస్తే ఆస్పత్రి. కిందిది పోలిరాజు బరువు. వాడి తండ్రి అదే రేవులో రోజుకూలీ. ఏక్‌బాల్‌పూర్ బస్తీలో రేకుల గది. బలం పొడి పోలిరాజులాంటి బస్తీ పిల్లలకే, అదీ రెండేళ్ల లోపు వాళ్లకే. జనవరి దాకా నేల మీద పాకుతున్నట్టున్న కింది గీత, ఆమె పెళ్లి సెలవులో ఉన్న ఫిబ్రవరిలో చివాల్న లేచి పైగీతని అందుకుంది. సెలవు తర్వాత తూస్తే పిల్లాడు పోల్చుకోలేనంత నిండుగా ఉన్నాడు. అప్పటినుంచి రెండూ కలిసే నడుస్తున్నాయి.

"మన పెళ్లివేళా విశేషం" అంటాడు కామేష్. ఆమె నవ్వుతుందే గాని కాదనదు.

సాయంత్రం సందేశ్ మిఠాయి డబ్బా పట్టుకుని బస్తీకి వెళ్లింది. సందు మొదట్లో ఎర్రజెండా కట్టిన క్లబ్బు గదే తూకాల గది. క్వార్టర్సు పిల్లల్ని శుక్రవారం ఉదయం నర్సు తూస్తుంది. బస్తీ పిల్లల్ని సాయంత్రం తనే తూస్తుంది. అందరూ వెళ్లిపోయాక జగ్గమ్మ చివరగా వచ్చింది, పిల్లాణ్ని చంకనేసుకుని. వెనకాల నాలుగేళ్ల కూతురు.

"ఏటి డాక్టరమ్మా, మల్లీ పెళ్లికూతురైనట్టు ఎలిగిపోతన్నారు?"

జగ్గమ్మకి ఆమెని చూస్తే ముద్దు. పెళ్లయి వచ్చిన మొదటి శుక్రవారం ఏదో చెప్పబోయి, ఆమె మెడలో ఇంకా పచ్చగా ఉన్న పసుపుతాడు చూసి ఆగిపోయింది. "నాలుగు కాలాలు సల్లగుండండమ్మా" అని మాత్రం అని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ అభిమానానికి జ్ఞానప్రసూన ఆ రోజంతా మురిసిపోయింది.

పిల్లాణ్ని తక్కెడలో కూర్చోబెట్టింది. తొమ్మిదిన్నర కిలోలు.

"పోలిరాజూ, ఇటు చూడరా."

వాడు చూడలేదు.

"అప్పుడే పొగరు చూడు, ప్రైజు వచ్చిందని" అని నవ్వి, వాడి నోట్లో సందేశ్ తుంచి పెట్టి, జగ్గమ్మకి రేపటి సంగతి చెప్పింది. "తొమ్మిదింటికి కారొస్తుంది. తెర మీద రెండు బరువు గీతలూ చూపించి, వీణ్నీ క్వార్టర్సు గవరయ్యనీ పక్కపక్కన నిలబెడతాను. తేడా పోయిందని అందరూ చూడాలి."

జగ్గమ్మ మొహం తెల్లబోయింది. "నాను రాలేనమ్మా. నాకు మంచి కోక నేదు."

"నాది ఇస్తాను."

"గుంటడికి ఒళ్లు ఎచ్చగుంది."

"ఇప్పుడేగా ఎత్తుకున్నాను. చల్లగా ఉన్నాడు."

"ఇద్దరెందుకమ్మా? ఒకడు సాలడేటి?"

"ఒకణ్ని చూపిస్తే ఏం తెలుస్తుంది జగ్గమ్మా? చూపించకపోతే పొడి ఆగిపోతుంది. నీ ఒక్కదానికే కాదు, బస్తీ మొత్తానికి."

గోడవార కూతురు పొడి పొట్లం చింపి, కాగితం నాకుతోంది. పుల్లల్లాంటి చేతులు. ముక్కు మీద తెల్లగా పొడి.

"ఏయ్, అది తమ్ముడిదమ్మా" అంది జ్ఞానప్రసూన.

"తిన్నీండమ్మా" అంది జగ్గమ్మ. "ఆడు ఏటీ అనుకోడు."

"సరే. క్వార్టర్సులో అప్పమ్మ అని, గవరయ్య వాళ్లమ్మ. నర్సుకే గాని నాకు తెలీదు. నేనే వెళ్లి అడిగొస్తాను."

"ఎల్లక్కర్నేదు. మా ఊరిదే. ఈ యేలకి అదే వస్తాది."

అన్నట్టే గుమ్మంలోకి ఒకామె వచ్చి నిలబడింది. మెడలో పుస్తెలతాడు, ఇస్త్రీ చీర. డాక్టర్ని చూడగానే వెనక్కి తిరగబోయింది.

"ఉండే అప్పమ్మా" అంది జగ్గమ్మ. "ఇంక దాక్కోడానికేటీ నేదు."

తక్కెడలో పిల్లాడు ఆమెని చూసి రెండు చేతులూ చాచాడు. అప్పమ్మ కదల్లేదు. వాడు ఏడుపు అందుకున్నాడు.

"మీరే అప్పమ్మ గారా? రండి రండి, నోరు తీపి చేసుకోండి" అంటూ జ్ఞానప్రసూన డబ్బా చాపింది. "రేపు మీ వాణ్ని కూడా తీసుకురావాలి. మంచి చొక్కా వెయ్యండి. ఇద్దరికీ ఒక్కలాంటిదైతే ఇంకా బాగుంటుంది."

అప్పమ్మ జగ్గమ్మ వైపు చూసింది. జగ్గమ్మ తక్కెడలోంచి పిల్లాణ్ని తీసి ఆమె చేతుల్లో పెట్టింది. వాడు అప్పమ్మ మెడ కరుచుకుని, ఠక్కున ఏడుపు మానేశాడు.

జ్ఞానప్రసూన చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

జగ్గమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని, దాని ముక్కు మీది పొడి కొంగుతో తుడిచింది.

"రేపు తొమ్మిదింటికి ఈడొక్కడే వస్తాడమ్మా" అంది. "నా పోలిరాజు మీ పెళ్లి నెల్లోనే సచ్చిపోనాడు, ఆ రెండు గీతలూ ఈ గవరయ్యవే."